65 వాట్ల చార్జర్ కొన్నా 45 వాట్ల ఫోన్ నెమ్మదిగానే ఎక్కుతోంది, తప్పు ఎక్కడ?

చిన్నోడు27
నా ఫోన్ పెట్టె మీద 45 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ అని రాసి ఉంది. లోపల చార్జర్ మాత్రం లేదు. సరే, 45 కావాలంటే ఇంకాస్త పెద్దదే ఉంటే మంచిదని 65 వాట్ల చార్జర్ కొన్నా. కేబుల్ నా పాత ఫోన్‌ది, రెండు వైపులా టైప్-సీ. 10 శాతం నుంచి పూర్తిగా నిండటానికి దాదాపు 2 గంటలు పడుతోంది. స్క్రీన్ మీద వట్టి "ఫాస్ట్ చార్జింగ్" అని వస్తుంది. ఇదే ఫోన్ వాడే మా ఆఫీసు మిత్రుడికి దాని ముందు "సూపర్" అని కూడా వస్తోంది, గంటలో అయిపోతోంది. 65 అంటే 45 కన్నా ఎక్కువే కదా? ఫోన్ లోపమా, చార్జర్ లోపమా? ఫోన్ వెనక్కి ఇచ్చే గడువు ఇంకా 4 రోజులే ఉంది, కాస్త త్వరగా చెప్పండి.

ప్లగ్గుపాయింట్
కేబుల్. పాత కేబుల్ పక్కన పడేసి కొత్తది వాడు బ్రో. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే.

నిదానం_ప్రధానం
అసలు 2 గంటల్లో నిండితే బాధేంటి? రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి నిండి ఉంటుంది. ఫాస్ట్ చార్జింగ్ వల్ల బ్యాటరీ త్వరగా పోతుంది. నా పాత ఫోన్ 5 ఏళ్లు వచ్చింది, 10 వాట్ల చార్జర్‌తోనే.

మీటర్_మూర్తి
చిన్నోడు27, ఫోన్ వెనక్కి పంపే తొందరపడకు. ముందు చార్జర్ ఒంటి మీద చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి చూడు, "అవుట్‌పుట్" అని మొదలవుతాయి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయి. 65 అన్న అంకె ఒక్కదానితో ఏమీ తేలదు.

చిన్నోడు27
ఇదిగో మూర్తి గారూ:
5 వోల్టులు 3 ఆంపియర్లు
9 వోల్టులు 3 ఆంపియర్లు
12 వోల్టులు 3 ఆంపియర్లు
15 వోల్టులు 3 ఆంపియర్లు
20 వోల్టులు 3.25 ఆంపియర్లు
కింద "పీడీ" అని ఉంది. అంతే.

మీటర్_మూర్తి
దొరికింది. నీ చార్జర్‌లో పీపీఎస్ లేదు, అంటే ఫోన్ అడిగినట్టల్లా వోల్టేజీని సన్నసన్నగా మార్చి ఇచ్చే పద్ధతి.

కొంచెం వివరంగా చెప్తాను, ఈ ప్రశ్న నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. టైప్-సీ చార్జర్‌కి ఫోన్ పెట్టగానే కరెంటు దానంతట అది దూకేయదు. మొదట 5 వోల్టులే వస్తాయి. తర్వాత కేబుల్‌లోని సీసీ అనే సన్నని తీగ మీద చార్జర్, ఫోన్ మాట్లాడుకుంటాయి. చార్జర్ తన దగ్గరున్న జాబితా చదువుతుంది: "నేను 5 ఇవ్వగలను, 9 ఇవ్వగలను, 15 ఇవ్వగలను, 20 ఇవ్వగలను." ఫోన్ తనకు పనికొచ్చేది ఒకటి ఎంచుకుని అడుగుతుంది. ఈ మాటామంతీ పద్ధతినే యూఎస్‌బీ పవర్ డెలివరీ అంటారు, మనం పీడీ అనేది దాన్నే.

నువ్వు రాసిన 5 లైన్లూ స్థిరమైన వోల్టేజీలు. వాటి మధ్యలో ఏదీ దొరకదు. పీపీఎస్ ఉన్న చార్జర్ మీద ఇంకో లైను ఉంటుంది, "3.3–11 వోల్టులు" అనో "3.3–21 వోల్టులు" అనో గీత పెట్టి ఒక పరిధి రాస్తారు. ఆ చార్జర్‌ని ఫోన్ "నాకు 8.46 వోల్టులు కావాలి" అని అడగొచ్చు, అర నిమిషం తర్వాత "ఇప్పుడు 8.48 ఇవ్వు" అనొచ్చు. 0.02 వోల్టు చొప్పున జరుపుకోవచ్చు. నీ ఫోన్ తన పూర్తి వేగాన్ని పీపీఎస్ మీదే ఇస్తుంది. అది దొరక్కపోతే 9 వోల్టుల లైను తీసుకుని తక్కువ వేగంతో సర్దుకుంటుంది. నీ స్క్రీన్ మీద "సూపర్" రాకపోవడానికి కారణం అదే.

తీగలాగితే
మూర్తి గారూ, ఒక్క అనుమానం. 9 వోల్టులు 3 ఆంపియర్లు అంటే 27 వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు. 27 వాట్లు నిజంగా లోపలికి పోతుంటే 2 గంటలు పట్టదు. అంటే చార్జర్ 27 ఇస్తానన్నా ఫోన్ తీసుకోవట్లేదు. ఎందుకు తీసుకోదు? లావు పైపు పెట్టాక కూడా నీళ్లు సన్నగానే వస్తున్నట్టుంది ఇది.

సుధ_సోల్డరింగ్
పైపు పోలిక ఇక్కడ సగం దూరమే వస్తుంది తీగలాగితే గారూ. పైపులో నీళ్లు తోసేవాడు పంపు దగ్గరుంటాడు. ఇక్కడ ఎంత కావాలో నిర్ణయించేది తాగేవాడు, అంటే ఫోన్.

నేను ఫోన్ బోర్డులు రిపేరు చేస్తాను, లోపల జరిగేది చెప్తాను. బ్యాటరీకి 9 వోల్టులు పనికిరావు. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 3.5 దగ్గర, నిండినప్పుడు 4.4 దగ్గర ఉంటుంది. బయటి నుంచి వచ్చిన 9ని ఫోన్ లోపలే ఆ స్థాయికి దించాలి. దించడానికి రెండు దారులున్నాయి.

ఒకటి మామూలు కన్వర్టర్. దానికి కాయిల్ కావాలి. ఏ వోల్టేజీ ఇచ్చినా దించుతుంది, కానీ దించేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ వేడి పుట్టేది ఫోన్ లోపల, మీ చేతికి తగిలే చోటే. అందుకే కంపెనీలు ఈ దారిలో ఎక్కువ వాట్లు పంపనివ్వవు. 2 గంటలు పడుతోందంటే చిన్నోడి ఫోన్ 15 వాట్ల దగ్గరే ఆగుతున్నట్టుంది, కారణం ఇదే అయ్యుండాలి.

రెండోది చార్జ్ పంప్. వచ్చిన వోల్టేజీని కచ్చితంగా సగం చేసి, కరెంటుని రెట్టింపు చేస్తుంది. కెపాసిటర్లతో చేసే పని ఇది, వేడి చాలా తక్కువ. కానీ దానికో పట్టుదల ఉంది: లోపలికి వచ్చేది బ్యాటరీ వోల్టేజీకి దాదాపు రెండు రెట్లే ఉండాలి. బ్యాటరీ 3.8 దగ్గరుంటే 7.6 కన్నా కాస్త ఎక్కువ, 4.2 దగ్గరుంటే 8.4 కన్నా కాస్త ఎక్కువ. బ్యాటరీ ఎక్కుతున్నకొద్దీ చార్జర్ కూడా దాని వెంటే ఎక్కుతూ రావాలి. మెట్లు మెట్లుగా 5, 9, 15 ఇచ్చే చార్జర్ ఆ వెంట నడవలేదు. పీపీఎస్ నడుస్తుంది. వోల్టేజీ సర్దే బరువు ఫోన్ నుంచి గోడ దగ్గరున్న చార్జర్‌కి మారుతుంది. నాకు ఈ ఆలోచన ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. వేడి ఎక్కడ పుట్టినా నష్టం లేదో అక్కడికి పంపేశారు.

తీగలాగితే
ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు. పైపు పోలిక వెనక్కి తీసుకుంటున్నా.

చిన్నోడు27
అంటే 65 చూసి కొన్నది వృథానా?

సుధ_సోల్డరింగ్
వృథా ఎందుకవుతుంది తమ్ముడూ. 20 వోల్టుల లైను ఉంది కాబట్టి టైప్-సీ లాప్‌టాప్‌కి చక్కగా పనికొస్తుంది. ఫోన్‌కి కూడా హాని లేదు, నెమ్మది అంతే.

వెన్నెల_వి
నాది ఇంకో కథ. నా ఫోన్‌తో వచ్చిన చార్జర్ 80 వాట్లు, అరగంట దాటగానే దాదాపు నిండిపోతుంది. ఊరెళ్తూ అది ఇంట్లో మర్చిపోయి, లాప్‌టాప్‌ది 100 వాట్ల చార్జర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. తీరా పెడితే నత్తనడక. ఫోన్‌లో లెక్క చూస్తే 18 వాట్లు కూడా దాటట్లేదు. మా తమ్ముడి పీపీఎస్ చార్జర్ పెట్టినా అంతే. మీరు చెప్పినదాని ప్రకారం పీపీఎస్‌తో వేగంగా ఎక్కాలి కదా?

మీటర్_మూర్తి
వెన్నెల గారూ, మీ చార్జర్ లేబుల్ మీద 11 వోల్టులు 7.3 ఆంపియర్లు అని ఉందా?

వెన్నెల_వి
అవును! అచ్చం అదే. ఎలా తెలిసింది?

మీటర్_మూర్తి
11ని 7.3తో గుణిస్తే 80. 5 ఆంపియర్లకు మించిన కరెంటు కనిపించిందంటే అది పీడీ కాదు, కంపెనీ సొంత పద్ధతి అని గుర్తు. పీడీలో కరెంటు 5 ఆంపియర్లు దాటదు, వాట్లు పెంచాలంటే వోల్టేజీ పెంచుతారు. 100 వాట్లంటే 20 వోల్టులు 5 ఆంపియర్లు. 2021లో వచ్చిన పీడీ 3.1లో 48 వోల్టుల దాకా వెళ్లి 240 వాట్లు చేశారు, అక్కడ కూడా కరెంటు 5 ఆంపియర్లే.

ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీ ఫోన్లలో ఉండే వూక్, సూపర్‌వూక్ కుటుంబం వేరే దారి పట్టింది. వోల్టేజీ తక్కువ, కరెంటు చాలా ఎక్కువ. పాత వూక్ 5 వోల్టులు 4 ఆంపియర్లు, 65 వాట్ల సూపర్‌వూక్ 10 వోల్టులు 6.5 ఆంపియర్లు. ఆ చార్జరూ ఆ ఫోనూ వాళ్ల సొంత భాషలో మాట్లాడుకుంటాయి. మీ లాప్‌టాప్ చార్జర్‌కి ఆ భాష రాదు, అందుకని రెండిటికీ తెలిసిన పీడీలో చిన్న వోల్టేజీ దగ్గర ఒప్పందం కుదిరింది. ఇలాంటి కొన్ని ఫోన్లు ఇప్పుడు పీపీఎస్ మీద కూడా ఓ మోస్తరు వేగం ఇస్తున్నాయి, అన్నీ ఇవ్వవు. మీది ఇవ్వని రకం అనిపిస్తోంది.

వెన్నెల_వి
అయితే కేబుల్ కూడా వాళ్లదే కావాలా? నా కేబుల్ ఒక వైపు పాత వెడల్పు పిన్ను, ఇంకో వైపు టైప్-సీ.

మీటర్_మూర్తి
కావాలి. ఆ కేబుళ్లు లావు తీగలతో 6, 7 ఆంపియర్లు మోసేలా చేస్తారు, తనది అవునో కాదో ఫోన్ గుర్తుపడుతుంది. మామూలు కేబుల్ పెడితే ఆ చార్జరూ ఆ ఫోనూ కలిసి ఉన్నా వేగం రాదు. ఆ జంటని విడదీయకండి.

బ్యాటరీబాబు
మధ్యలో దూరుతున్నా. 100 వాట్ల చార్జర్ 25 వాట్ల ఫోన్‌కి పెడితే ఫోన్ కాలిపోదా? మా నాన్నగారు ఇదే భయంతో లాప్‌టాప్ చార్జర్ ముట్టుకోనివ్వరు.

తీగలాగితే
కాలదు. 100 అనేది చార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. ఫోన్ అడిగినంతే వస్తుంది. పైన మూర్తి గారు చెప్పిన జాబితా మళ్లీ చదువు: ఫోన్ 9 అడిగితేనే 9 వస్తుంది, అడక్కపోతే 5 దగ్గరే కూర్చుంటుంది.

సుధ_సోల్డరింగ్
ఇది సరైన చార్జర్‌కి మాత్రమే వర్తిస్తుంది, ఆ మాట కూడా కలుపుతున్నా. ఊరూపేరూ లేని చార్జర్లు విప్పి చూశాను. గోడ కరెంటు ఉండే భాగానికీ, ఫోన్ వైపు భాగానికీ మధ్య బోర్డు మీద స్పష్టమైన ఎడం ఉండాలి. కొన్నిట్లో ఆ ఎడం గోరంత కూడా లేదు. అలాంటిది 10 వాట్లదైనా ప్రమాదమే. మీ నాన్నగారి భయం తప్పు కాదు బాబు గారూ, కాకపోతే భయపడాల్సింది వాట్లకి కాదు.

రాత్రిపక్షి
చార్జింగ్‌లో ఉన్నప్పుడు నా ఫోన్ లోహపు అంచు తాకితే సన్నగా జివ్వుమంటుంది. అదీ ఇదేనా?

సుధ_సోల్డరింగ్
రెండు పిన్నుల చార్జర్లకి ఎర్త్ ఉండదు. రేడియో అలజడి తగ్గించడానికి రెండు వైపుల మధ్య ఓ చిన్న కెపాసిటర్ పెడతారు, దాని గుండా అతి తక్కువ కరెంటు జారుతుంది. సన్నటి జలదరింపు మంచి చార్జర్లలో కూడా రావచ్చు. కానీ గట్టిగా కొట్టినట్టు ఉంటే, లేదా ఈ మధ్యే కొత్తగా మొదలైతే, వెంటనే తీసేయండి. పరీక్షిద్దాం, చూద్దాం అనుకోవద్దు. స్విచ్ ఆపి, తర్వాత ప్లగ్గు లాగండి.

రాత్రిపక్షి
సన్నదే, కొన్నప్పటి నుంచీ ఉంది. అయినా మార్చేస్తా, ఇంట్లో పిల్లలున్నారు.

నిదానం_ప్రధానం
అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. నేను అడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు. బ్యాటరీ పాడవదా?

సుధ_సోల్డరింగ్
పాడుచేసేది వేడి, ఇంకా 100 శాతం దగ్గర గంటల తరబడి ఉంచడం. వేగం వేడి పుట్టిస్తే నష్టమే. కానీ ఫోన్ మొత్తం సేపూ 45 వాట్లు లాగదు. ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా లాగి, సగం దాటాక తగ్గిస్తూ, 80 తర్వాత బాగా నెమ్మదిస్తుంది. ఆఖరి 20 శాతానికి పట్టే సమయం చూస్తే మీకే తెలుస్తుంది. నా దగ్గరికి ఉబ్బిన బ్యాటరీలతో వచ్చేవాళ్లలో చాలామంది దిండు కింద, దుప్పటి మీద పెట్టి చార్జ్ చేసినవాళ్లే. మీరు రాత్రంతా పెట్టే అలవాటులో ఇబ్బంది 10 వాట్లది కాదు, తెల్లవార్లూ నిండుగా ఉండటానిది. ఇప్పటి చాలా ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకోండి.

నిదానం_ప్రధానం
80 దగ్గర ఆపే మాట బావుంది, సెట్టింగ్స్‌లో దొరికింది, పెట్టాను. అయినా నేను నెమ్మది చార్జర్ పక్షమే.

ప్లగ్గుపాయింట్
పెట్టుకోండి, ఎవరూ కాదనరు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు 15 నిమిషాలే ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడదాం.

చిన్నోడు27
అప్‌డేట్. మిత్రుడి చార్జర్ ఒక రోజుకి అడిగి తెచ్చా. 45 వాట్లది, లేబుల్ మీద "పీపీఎస్ 3.3–11 వోల్టులు 4.05 ఆంపియర్లు" అని స్పష్టంగా ఉంది. దానితో పాటు చిన్న యూఎస్‌బీ మీటర్ కూడా ఇచ్చాడు, కేబుల్‌కీ చార్జర్‌కీ మధ్య పెట్టేది. నా 65 వాట్ల దానితో: 9 వోల్టులు, 1.6 ఆంపియర్లు. అంటే 14 వాట్లు చిల్లర. సుధక్క చెప్పిన 15 నిజమే. మిత్రుడి చార్జర్, నా కేబుల్: 8.9 వోల్టులు, 2.8 ఆంపియర్లు. 25 వాట్లు. స్క్రీన్ మీద "సూపర్" వచ్చింది! కానీ 45 ఎక్కడ?

ప్లగ్గుపాయింట్
చూశారా. రెండో పోస్టులోనే చెప్పా. కేబుల్.

మీటర్_మూర్తి
సగం మార్కులు నీకు ప్లగ్గుపాయింట్. మొదటి అడ్డంకి చార్జరే. అది తీశాక రెండోది బయటపడింది, అది నీ కేబుల్.

టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్ ఏదైనా 3 ఆంపియర్లు మోయాలి, అది నియమం. 3 దాటాలంటే కేబుల్ ప్లగ్గులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. "నేను 5 ఆంపియర్లు మోయగలను" అని చార్జర్‌కి చెప్పేది ఆ చిప్పే. చిప్ జవాబు చెప్పకపోతే చార్జర్ 3 దాటి ఇవ్వదు, ఎంత గొప్పదైనా. చిన్నోడి మీటర్ 2.8 దగ్గర ఆగింది అందుకే. 9 వోల్టుల చుట్టుపక్కల 3 ఆంపియర్లంటే 27 వాట్లే, 45 రమ్మన్నా రాదు. కేబుల్ మీద "60 వాట్లు" అని ఉంటే 3 ఆంపియర్లది (20 వోల్టులు × 3). "100 వాట్లు" లేదా "240 వాట్లు" అని ఉంటే 5 ఆంపియర్లది.

తీగలాగితే
ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. "60 వాట్ల కేబుల్, నా ఫోన్ 45 వాట్లే కదా, సరిపోతుంది" అనుకుంటారు. కేబుల్‌కి 60 వచ్చేది 20 వోల్టుల దగ్గర. ఫోన్ అడిగేది 9 చుట్టూ. కాబట్టి కేబుల్ మీద వాట్లు కాదు, ఆంపియర్లు చూడాలి.

బ్యాటరీబాబు
ఈ ఒక్క పోస్టు కోసం ఇవాళ్టి నా సమయం సార్థకం. సరిగ్గా అదే తప్పు చేశా నేను.

తీగలాగితే
ఇంకోటి, పాత వెడల్పు పిన్ను కేబుళ్ల గురించి. తీగ లావుని గేజ్ అంకెతో చెప్తారు, అంకె చిన్నదైతే తీగ లావు. 28 గేజ్ రాగి తీగకి మీటరుకి 0.21 ఓం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి మీటరు పొడవు కేబుల్‌లో 0.42. 3 ఆంపియర్లు పారిస్తే 1.26 వోల్టులు దారిలోనే హారతి కర్పూరం. 5 వోల్టుల చార్జర్‌లో నాలుగో వంతు! అది గమనించి ఫోన్ కరెంటు తగ్గించుకుంటుంది. 20 గేజ్ తీగైతే అదే దూరానికి పోయేది 0.2 వోల్టు. పొడవు రెండింతలైతే నష్టమూ రెండింతలే. మంచం దాకా రావాలని 3 మీటర్ల సన్న కేబుల్ కొని చార్జర్‌ని తిట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రాత్రిపక్షి
చెడ్డ కేబుల్ నెమ్మదిగా ఎక్కించడంతో ఆగితే అదృష్టమే. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015 చివర్లో ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సీ కేబుళ్లు ఒక్కొక్కటీ సొంతంగా కొని పరీక్షించి రివ్యూలు రాశాడు. చాలావాటిలో 56 కిలో ఓంల రెసిస్టర్ ఉండాల్సిన చోట 10 కిలో ఓంలది పెట్టారు. దానివల్ల అవతల ఉన్నది 3 ఆంపియర్లు ఇచ్చే చార్జర్ అని ఫోన్ పొరబడి, పాత చార్జర్ నుంచి, కంప్యూటర్ పోర్టు నుంచి మోయలేనంత లాగుతుంది. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్‌లో అయితే పవర్ తీగ, గ్రౌండ్ తీగ తారుమారుగా అతికించారు. పెట్టగానే ఆయన లాప్‌టాప్ పాడైపోయింది. అప్పటి నుంచి నేను కేబుల్ దగ్గర పొదుపు చేయను.

వెన్నెల_వి
ఇది చదివాక మా ఇంట్లో సొరుగు తెరిచా. ఎక్కడివో తెలియని కేబుళ్లు 7 ఉన్నాయి. భయమేస్తోంది.

సుధ_సోల్డరింగ్
ప్లగ్గు వదులైనవి, మెడ దగ్గర చీలినవి, వేడెక్కేవి తీసేయండి చాలు. ఇంకో పని చేయండి వెన్నెల గారూ. మీ ఫోన్‌లో ప్లగ్గు పెట్టినప్పుడు "టక్" మని కూర్చుంటోందా? కాస్త బయటికే ఉండిపోతోందా?

వెన్నెల_వి
కాస్త బయటికే ఉంటుంది. కదిలిస్తే ఊగుతుంది కూడా. అప్పుడప్పుడు సొంత చార్జర్‌తో కూడా నెమ్మదిస్తోంది.

సుధ_సోల్డరింగ్
అనుకున్నా. జేబులో, బ్యాగులో ఉండే నూలు పీచు పోర్టు అడుగున చేరి, ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ అణిగి అట్ట కట్టేస్తుంది. చార్జింగ్ పోర్టు పోయిందని నా దగ్గరికి తెచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఇదే. ఫోన్ స్విచాఫ్ చేసి, సన్నని చెక్క పుల్లతో గోడల వెంట నెమ్మదిగా గీకి బయటికి లాగండి. మధ్యలో ఉన్న నాలుక లాంటి పలకని తాకొద్దు, పిన్నులన్నీ దాని మీదే ఉంటాయి. సూది, గుండుసూది అసలు వద్దు. నోటితో ఊదొద్దు, తేమ పోతుంది లోపలికి.

ఇయర్‌ఫోన్_ఈశ్వరి
నా బుల్లి టార్చికి టైప్-సీ పోర్టే ఉంది, కానీ సీ-టు-సీ కేబుల్ పెడితే చార్జ్ అవదు. పాత వెడల్పు పిన్ను కేబుల్ పెడితే అవుతుంది. పోర్టు శుభ్రంగానే ఉంది.

మీటర్_మూర్తి
తయారీలో 5.1 కిలో ఓంల రెసిస్టర్లు రెండు పెట్టకుండా మిగుల్చుకున్నారు. అవి కనపడితేనే టైప్-సీ చార్జర్ కరెంటు వదులుతుంది. పాత వెడల్పు పోర్టు ఎవరినీ అడక్కుండా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, అందుకే దానితో పని జరుగుతోంది. పాత కేబుల్‌తోనే నడిపించండి.

ఇయర్‌ఫోన్_ఈశ్వరి
ఇంకో ప్రశ్న, ఇదే ఆఖరు. రెండు పోర్టుల చార్జర్‌లో ఇయర్‌ఫోన్లు కూడా పెడితే ఫోన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలవుతుంది.

తీగలాగితే
రెండోది రాగానే చార్జర్ తన జాబితా మార్చి, ఫోన్‌తో మళ్లీ మొదటి నుంచి ఒప్పందం చేసుకుంటుంది. ఆ క్షణం ఆగేది అందుకే. 65 కాస్తా 45, 20గా విడిపోవచ్చు, కొన్నిట్లో రెండో పరికరం పెట్టాక పీపీఎస్ లైనే మాయమవుతుంది. లేబుల్ మీద "సీ1+సీ2" అని విడిగా రాసి ఉంటుంది, చూడండి. తొందరున్నప్పుడు ఫోన్ ఒక్కటే పెట్టండి.

బ్యాటరీబాబు
చార్జర్ మీద క్విక్ చార్జ్ 3.0 అని ఉంటే పీపీఎస్ ఉన్నట్టేనా?

మీటర్_మూర్తి
కాదు. అది క్వాల్‌కామ్ పద్ధతి, డేటా తీగల మీద మాట్లాడుతుంది, 0.2 వోల్టు మెట్లతో. పీపీఎస్ అన్న మాట లేబుల్ మీద విడిగా ఉండాల్సిందే.

నిదానం_ప్రధానం
మా అమ్మాయికి ఐఫోన్ ఉంది. దానికీ ఈ తంటా ఉందా?

రాత్రిపక్షి
తక్కువే. 20 వాట్ల పీడీ చార్జర్ ఉంటే దాదాపు అరగంటలో సగం నిండుతుందని ఆపిల్ చెప్తుంది, పీపీఎస్ అవసరం లేదు. 2023లో వచ్చిన 15 సిరీస్ నుంచి టైప్-సీ కాబట్టి కేబుల్ కూడా అందరిదీ ఒకటే. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సీ తప్పనిసరి, 15 వాట్లు దాటి చార్జ్ అయ్యేవి పీడీని కూడా అర్థం చేసుకోవాలి. సొంత పద్ధతి ఉంచుకోవచ్చు, కానీ పీడీని కాదనకూడదు.

వెన్నెల_వి
సుధ గారూ, పోర్టులోంచి బూడిద రంగు ఉండ ఒకటి వచ్చింది, కందిగింజంత! ఇప్పుడు ప్లగ్గు "టక్" మని కూర్చుంటోంది. సొంత చార్జర్‌తో మళ్లీ మునుపటి వేగం వచ్చేసింది. పోర్టు మార్చాలని నాకు ఇదివరకు ఒకచోట చెప్పారు, ఫోన్ ఇవ్వడానికి సిద్ధపడ్డా కూడా.

సుధ_సోల్డరింగ్
సంతోషం వెన్నెల గారూ. మూణ్నెల్లకోసారి టార్చి వేసి చూసుకోండి.

చిన్నోడు27
చివరి అప్‌డేట్. 65 వాట్లది లాప్‌టాప్‌కి ఇచ్చేశా. పీపీఎస్ లైను ఉన్న 45 వాట్ల చార్జర్, 5 ఆంపియర్ల కేబుల్ తెచ్చుకున్నా. మిత్రుడి మీటర్ ఇంకా నా దగ్గరే ఉంది కాబట్టి కూర్చుని రాసుకున్నా. 8 శాతం దగ్గర 9.7 వోల్టులు, 4 ఆంపియర్లు, అంటే 39 వాట్లకి దగ్గర. 40 దాటాక 25కి దిగింది. 80 దగ్గర 12. మొత్తం 1 గంట 6 నిమిషాలు. అదే సమయంలో వీడియో చూస్తూ పెడితే స్క్రీన్ వెలిగినంతసేపూ 20 కూడా దాటలేదు. ఆపగానే మళ్లీ లేచింది.

తీగలాగితే
45 కాకుండా 39 ఏంటని ఇంకో చర్చ మొదలుపెట్టవు కదా?

చిన్నోడు27
పెట్టను అన్నా. ఫోన్ వెనక్కి పంపేవాడినే, మీరు ఆపారు. ఇంట్లో రెండు కేబుళ్లూ తెల్లవే, కలిసిపోతున్నాయని 5 ఆంపియర్ల దానికి ఎర్ర దారం కట్టా. అమ్మ తన ఫోన్‌కి అదే తీసుకుపోయింది, అడిగితే "ఎర్రది బాగా ఎక్కుతోందిరా" అంటోంది. ఇంకోటి కొనాలి.

మీటర్_మూర్తి
అమ్మ ఫోన్ ఎన్ని వాట్లదో, పాత కేబుల్ ఏదో రాయి. తనకీ ఏదో ఒకటి సన్నతీగ తగిలుంటుంది.